అంపొఫో లేచి కూర్చున్న టేపు

సినిమాల్లో పొకువాకి ముప్ఫై ఒక్కమంది మొగుళ్లు పోయారు. ఒకడు పాము కరిచి, ఒకడు సొంత తమ్ముడు పెట్టిన విషం తిని, ఒకడు బంగారు గనిలో మట్టిపెళ్ల విరిగి మీదపడి, నలుగురైదుగురు ఏ కారణమూ లేకుండానే. కథ రాసుకునేటప్పుడు కారణం తట్టకపోతే, ఆ సినిమాలు తీసే నిమో "గుండె ఆగింది" అని రాసి పక్కన పెట్టేసేవాడు. మొగుడు ఎలా పోయినా పొకువా మాత్రం ఒకే తీరుగా ఏడ్చేది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, నోరు తెరిచి, గొంతు పెగలనట్టు కాసేపు అలాగే నిలబడి, చూసేవాళ్లకి ఊపిరాడనంత సేపటికి ఒక్కసారిగా కూలబడేది. కుమాసీ బజారులో ఎండుచేపలమ్మే ఆడవాళ్లు ఆమె కనబడితే చాలు, "అదిగో, మన విధవరాలొచ్చింది" అనేవాళ్లు. ప్రేమగానే అనేవాళ్లు. పొకువా కూడా నవ్వుతూ, "విధవరాలికి రెండు చేపలెక్కువ వెయ్యండమ్మా, పుణ్యముంటుంది" అనేది. పన్నెండేళ్లపాటు ఆ మాటలో ముల్లుందని ఒక్కరికీ తోచలేదు.

ఇంట్లో ఉన్న అసలు మొగుడి పేరు అంపొఫో. తాఫో రోడ్డు పక్కన అతని వడ్రంగి దొడ్డి. కుర్చీలు, బల్లలు చేసేవాడు గాని అతనికి కూడు పెట్టింది శవాల పెట్టెలే. మా ఊరివాళ్లు కూర్చోడానికి కుర్చీ లేకపోయినా సర్దుకుంటారు, మంచి పెట్టె లేకుండా కాటికి పోవడానికి మాత్రం ఒక్కడూ ఒప్పుకోడు. దొడ్డి వసారాలో పొకువా కుట్టుమిషను. ఒకపక్క రంపం చప్పుడు, ఒకపక్క మిషను చప్పుడు. పిల్లలు లేరు. ఆ రెండు చప్పుళ్లే ఆ ఇంటి సంసారం.

నిమో అప్పట్లో చావులకు వీడియో తీసేవాడు. ప్రతి శనివారం ఎక్కడో ఒకచోట చావు ఉండేది, పెట్టె అంపొఫోది, కెమెరా నిమోది. అలా కలిసింది స్నేహం. ఒకరోజు దొడ్లో చెక్కమీద కూర్చుని నిమో అన్నాడు:

"అన్నా, పోయినవాళ్లని తీసి తీసి విసుగొచ్చింది. బతికున్నవాళ్లని చంపి తీస్తే ఎట్లా ఉంటదంటావ్?"

"చంపడం నీ పని, పెట్టె నా పని. పెట్టెమీద గీత పడిందంటే మాత్రం నిన్నే పడుకోబెడతా అందులో," అన్నాడు అంపొఫో చిత్రిక ఆపకుండా.

ఈరోజు కుమాసీలో అంత పేరున్న స్టూడియో పుట్టింది ఆ రెండు మాటల్లోంచే. మొదటి సినిమా మొత్తం ఆ దొడ్లోనే తీశారు. లైట్లు లేవు, పాత రేకు ఒకటి పట్టుకుని ఎండని మొహాలమీదకి తిప్పేవాళ్లు. మైకుని ఫుఫూ ముద్ద దంచే రోకలికి తాడుతో కట్టి గాల్లో పట్టుకునేవాళ్లు. నెత్తురు కావాలంటే డబ్బాలో టమాటా గుజ్జు. వాన పడితే రేకుల కప్పు మోత, షూటింగ్ బంద్. కోడి కూస్తే మళ్లీ మొదట్నుంచి.

ఏడవాల్సిన పిల్ల ఆరోజు రాలేదు, చర్చిలో పాటల గుంపుతో ఎక్కడికో పోయిందట. నిమో కళ్లు వసారా వైపు తిరిగాయి. "అక్కా, రెండు నిమిషాలు. మిషను ఆపి ఇట్లా రా. ఈ పెట్టెలో ఉన్నోడు నీ మొగుడు. ఏడువు," అన్నాడు. పొకువా తల్లి పోయి అప్పటికి ఏడాది కాలేదు. తల్లినే తలుచుకుని మొదలుపెట్టింది. టేపు అయిపోయింది, ఆమె ఏడుపు కాలేదు. అంపొఫో వెళ్లి భుజం పట్టుకుని లేపాల్సి వచ్చింది. ఆ క్యాసెట్టు కొన్నవాళ్లందరూ ఆ ఏడుపు దగ్గరే ఆపి వెనక్కి తిప్పి చూశారు. ఇక నిమో వదులుతాడా?

రెండో సినిమాతోనే చిక్కు వచ్చిపడింది. అందులో శవంగా పడుకున్న టాక్సీ డ్రైవరు వారం తిరక్కుండా మురుగుకాలవలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని మేనమామలు నలుగురు దొడ్లోకి వచ్చి పడ్డారు. "మా పిల్లోణ్ని పెట్టెలో పెట్టి మూతేసి, ఏమీ చెయ్యకుండా ఊరికే లేపి పంపిస్తారా? చావుకి తెలుస్తదా అది ఆటని?" అని నిలదీశారు. అప్పుడు దువా తాత కల్పించుకున్నాడు. రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరై, సినిమాల్లో రాజులు, కులపెద్దల వేషాలు వేసే పెద్దాయన. ఆయన తీర్పు ఇదీ: ఇకనుంచి పెట్టెలో పడుకున్న ప్రతివాడికీ లేవగానే పామాయిలుతో కలిపిన పెండలం ముద్ద, మీద రెండు ఉడికిన గుడ్లు పెట్టి తినిపించాలి. గండం తప్పినవాడికి ఇంట్లో ఎట్లా పెడతామో అట్లాగే. తిన్నాక వాడు తన పేరు మూడుసార్లు గట్టిగా చెప్పాలి. అదంతా కెమెరా చూడాలి. రేపు ఎవరైనా వచ్చి అడిగితే టేపు సాక్ష్యం.

ఆదివారం చర్చికి పోయేవాళ్లే అందరూ. పాస్టరుగారు విని ముక్కు చిట్లించాడు కూడా. అయినా గుడ్డు లేందే పెట్టెలోకి ఒక్కడూ దిగలేదు. దాన్ని వాళ్లు 'లేచిన ముక్క' అనేవాళ్లు. ఏ సినిమాలోనూ అది రాదు, కాని అది తియ్యకుండా ఏ సినిమా పూర్తి కాలేదు. ముద్ద కలిపి తినిపించే పని పొకువాది. ఏడ్చిన చెయ్యే పెట్టాలన్నాడు దువా తాత.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని టేపుల దగ్గర నిమో పరమ పిసినారి. కొత్త టేపు కొనమంటే పన్ను పీకించుకోమన్నట్టు చూసేవాడు. సినిమాకి కావలసినంత వేరే క్యాసెట్టుకి ఎక్కించుకోవడం, అదే టేపుమీద తరువాతి సినిమా తియ్యడం. లేచిన ముక్క మీద కూడా అంతే. లేచినవాడు రోడ్డుమీద కళ్లెదురుగా తిరుగుతుంటే వాడు లేచాడన్న సాక్ష్యం ఎవడిక్కావాలి? అలా ఇరవై ఎనిమిది మంది లేచారు, తిన్నారు, పేర్లు చెప్పారు, వాళ్లమీద మరో సినిమా పడింది. వచ్చి అడిగినవాడు లేడు. అది తప్పని ఎవరికీ అనిపించలేదు, పొకువాకి కూడా.

ముప్ఫై ఒకటో సినిమాకి చావాల్సిన నటుడికి మలేరియా పట్టుకుంది. షామియానాలు, బ్యాండు వాళ్లు, నల్లబట్టల్లో నూరుమంది జనం, అన్నీ మధ్యాహ్నానికల్లా వదిలెయ్యాలి. తెల్లరంగు వేసిన పెట్టెని తోపుడుబండి మీద అప్పుడే తెచ్చి దించాడు అంపొఫో. నిమో అతన్ని కిందికీ మీదికీ చూశాడు.

"అన్నా, ఈ పెట్టె ఎవరి కొలత?"

"నాదే. సినిమా పెట్టెలన్నీ నా కొలతకే కొడతా. నేను పడితే ఎవడైనా పడతాడు."

"అయితే ఇంకేం? ఎక్కు."

పొకువా గభాల్న అడ్డమొచ్చింది. "వద్దు. ఎవరినైనా ఏడుస్తా గాని ఈ మనిషిని ఏడవను."

"ముప్ఫైమంది ఊరోళ్లకి ఏడ్చి, కట్టుకున్నోడి దగ్గరకొచ్చేసరికి పిసినారితనమా?" అన్నాడు అంపొఫో. అప్పటికే చెప్పులు విడిచి పెట్టెలో కాలు పెట్టాడు. "నేను కొట్టిన పెట్టె నన్నే తింటదా? తొందరగా కానివ్వండి, మధ్యాహ్నం ఇంకో పెట్టె ఇవ్వాలి."

ఆరోజు ఆమె ఏడ్చింది నటన కాదు. భయం. కళ్లు మూసుకున్న ఆ మొహాన్ని చూసి చేతులు వాటంతట అవే నెత్తికెక్కాయి. షామియానా కింద జీతానికి కూర్చున్న జనం కూడా నిజంగా ముక్కులు చీదారు. నిమో ఆపమన్నాక కూడా ఆమె ఆపలేదు. అంపొఫోయే ఒక కన్ను తెరిచి, "చాల్లే, ఆకలేస్తంది" అన్నాడు.

పెట్టెని బండిమీద వెనక్కి తెచ్చి, లేచిన ముక్క దొడ్లోనే తీశారు. నెత్తిమీద ఎండ నిప్పులు చెరుగుతోంది. వాన జాడే లేదు. అంపొఫో పెట్టె దిగి, ఆమెకి ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. మొదటి ముద్దకే పామాయిలు గడ్డం మీదికి కారింది. గుడ్డు చూసి మొహం అదోలా పెట్టాడు. "ఏంటే ఇది, పిట్టగుడ్డా? చచ్చినోడంటే ఇంత లోకువా నీకు?" పొకువా నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడుసార్లు తన పేరు అరిచాడు, మూడోసారి రోడ్డుమీద పోయేవాళ్లు తిరిగి చూసేలా. కెమెరా అంతా చూసింది.

ఆ సినిమా స్టూడియోని ఎక్కడికో తీసుకుపోయింది. టాక్సీలమీద మైకులు కట్టి ఊరూరా చాటించారు. ప్రతి కూడలిలోనూ చేత్తో వేసిన నిలువెత్తు బొమ్మ: తెల్లపెట్టెలో అంపొఫో మొహం, పక్కన నెత్తిన చేతులతో పొకువా. ఆరునెలలు తిరిగేసరికి తాఫోలో నిమోకి రెండంతస్తుల మేడ లేచింది. అద్దాల తలుపు, చల్లటి గది, రెండు కొత్త కెమెరాలు, సినిమా కత్తిరించే కంప్యూటరు. "అంపొఫో చచ్చి నిమోకి మేడ కట్టించాడు" అని జనం నవ్వుకునేవాళ్లు. అంపొఫో కూడా నవ్వేవాడు. ఆ మేడకి తలుపులు చేసిచ్చింది అతనే.

ఎనిమిది నెలలకి, పొడిగాలి కాలంలో, ఒక మంగళవారం పొద్దున పలక కోస్తూ కోస్తూ రంపం పక్కన పెట్టి కింద కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగాడు. పొకువా మిషను మీంచి లేచి చెంబు తెచ్చేసరికి పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు చూసి గుండె ఆగిందన్నాడు. ఆ మాట విని పొకువా ఒక్క క్షణం వెర్రిగా నిమో మొహంలోకి చూసింది. నిమో తలదించుకున్నాడు.

మా దగ్గర మనిషి పోతే శవం పెళ్లానిది కాదు, తల్లివైపు కుటుంబానిది. అంపొఫోకి ఆ కుటుంబం అంటే అక్క సెర్వా. ఎఫిదువాసెలో అరటికాయల వ్యాపారం, గట్టి మనిషి, తల్లి పోయాక తమ్ముణ్ని వీపున కట్టుకుని పెంచింది. ఏడో రోజు బంధువుల కూటానికి ఆమె బస్సు దిగి వస్తుంటే స్టాండులోనే ఆ బొమ్మ ఎదురైంది. అప్పటిదాకా ఆ సినిమా సంగతే ఆమెకి తెలియదు. పెట్టెలో తన తమ్ముడు, పక్కన మరదలు ఏడుస్తూ. చావుకి ఎనిమిది నెలల ముందు వేసిన బొమ్మ. ఆ ముసల్దాని గుండె ఏమైపోయి ఉంటుందో నేను చెప్పలేను. నెత్తిమీది సంచీ అక్కడే జారిపోయిందట.

కూటంలో అందరూ కూర్చున్నాక ఆమె లేచి నిలబడింది.

"ఏమ్మా పొకువా, నా తమ్ముణ్ని ఎప్పుడేడ్చావు?"

"వదినా..."

"ఇప్పుడు ఏడుస్తన్నావు, కనబడతంది. మొదటిసారి ఎప్పుడేడ్చావని అడుగుతున్నా. బతికున్న మనిషిని పెట్టెలో పడుకోబెట్టి చావుకి దారి చూపించావు. ముద్ద పెట్టావా? గుడ్డు పెట్టావా?"

"పెట్టాను వదినా. నా చేత్తో పెట్టాను. తిని, పేరు చెప్పాడు మూడుసార్లు."

"ఎవరు చూశారు?"

దువా తాత, నిమో ఇద్దరూ మేం చూశాం, కెమెరా కూడా చూసిందన్నారు. సెర్వా వాళ్లవైపు తిరగనైనా లేదు. "వాడి బొమ్మతో మేడలు కట్టినోళ్ల సాక్ష్యం నాకొద్దు. కెమెరా ఉందన్నారుగా? మొహం కనబడకపోయినా పర్లేదు, వాడు తింటుంటే నేను చూడాలి."

కులపెద్దలు గుసగుసలాడుకుని తేల్చారు. ఖననం ఆరువారాల తరువాత శనివారం, అప్పటిదాకా శవం ఆసుపత్రి మంచుగదిలో. ఆలోగా ఆ టేపు చూపిస్తే పొకువా భార్యగా శవం తలదగ్గర కూర్చుంటుంది, మట్టి వేస్తుంది. చూపించకపోతే షామియానా అంచున, ఊరివాళ్లతోపాటు. ఇరవై మూడేళ్లు కాపురం చేసిన మనిషి అంత్యక్రియల్లో ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం. దానికన్నా వాళ్లు ఆమెను కొట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్లింది. అద్దాల తలుపు లోపల కొత్తగా పెట్టుకున్న పిల్ల తలెత్తి, "ఎవరు కావాలండీ?" అంది. ఆ పిల్ల తలమీద గోడకి వేలాడుతున్నది పొకువా బొమ్మే. పొకువా నేరుగా మెట్లెక్కింది.

విషయం విన్న నిమో కుర్చీలోంచి లేచాడు. అరలో వెతికి ఒక టేపు తీశాడు. దాని చీటీమీద ఐదు పేర్లు రాసి కొట్టేసి ఉన్నాయి, ఆరోది కొట్టెయ్యలేదు. నాలుగో పేరు వాళ్ల సినిమాది. ఇద్దరూ చల్లటి గదిలో కూర్చుని పెట్టి చూశారు. ఏటి ఒడ్డున ఎవరో జంట డాన్సు చేస్తున్నారు. తరువాత ఒక తాగుబోతు పాస్టరు మేకని తరుముతున్నాడు. చివరిదాకా అదే. అది అయిపోయాక తెర మిణుక్కుమని, అడుగున మిగిలిన పాత ముక్క కనబడింది, మూడు సెకన్లు. ఎండలో తెల్లగా మెరుస్తున్న ఖాళీ పెట్టె. అంపొఫో అందులోంచి లేచి అప్పుడే పక్కకి తప్పుకున్నాడు. మళ్లీ నలుపు.

"మళ్లీ పెట్టు," అంది పొకువా.

పెట్టాడు. పదిసార్లు పెట్టాడు. పెట్టె పక్కనే ఉండి ఉంటాడు, ఒక జానెడు అవతల. ఆ జానెడు అవతలకి ఎలా చూడాలో ఆమెకి తెలియలేదు.

"ఖాళీ పెట్టె చూపించి నేనేం చెప్పను నిమో?" అంది చివరికి. "ప్రపంచంలో నా మొగుడు కదిలే బొమ్మ ఒక్కటే ఉంది. అందులో చచ్చిపోయి ఉన్నాడు. లేచిన మనిషిని చెరిపేశావు. పడుకున్నవాణ్ని అమ్ముకున్నావు."

నిమో చెడ్డవాడు కాదు, అంపొఫో కోసం నిజంగా ఏడ్చినవాళ్లలో వాడొకడు. నేల చూస్తూ, తనకి తెలిసిన ఒకే ఒక్క ఉపాయం చెప్పాడు.

"మళ్లీ తీద్దాం అక్కా."

"ఏం తీస్తావు?"

"అదే ముక్క. అదే దొడ్డి, అదే పీట. అన్న చొక్కా ఒకటి తీసుకురా. దువా తాత భుజాలు అన్న భుజాల్లాగే ఉంటయి. వెనకనుంచి తీస్తా. నీ మొహం, నీ చెయ్యి, ముద్ద కనబడతయి. గొంతు తెలీకుండా వాన చప్పుడు కలుపుతా."

"ఆరోజు వాన లేదు."

"తెలుసక్కా. గొంతు దాచడానికి."

చెప్పు తీసుకుని కొట్టనందుకు సంతోషించమని చెప్పి పొకువా వచ్చేసింది. నాలుగు వారాలు ఆ ఊసెత్తలేదు. రోజూ ఎఫిదువాసె బస్సెక్కి వదిన కాళ్లమీద పడింది. "టేపు పోయింది వదినా, చెరిపేశారు" అని ఉన్న నిజం చెప్పింది. సెర్వా అరటి గెలలు సర్దుకుంటూ, "ఏడుపు ముక్క ఉందంట, తిండి ముక్క పోయిందంట. అంత బాగా ఎట్లా పోయిందమ్మా?" అంది. నిజం చెప్పిన ప్రతిసారీ అది అబద్ధంలాగే వినబడింది. ఐదో వారంలో నల్లబట్టలు పంచారు. కుటుంబానికి ఒకరకం, ఊరివాళ్లకి ఒకరకం. పొకువాకి వచ్చింది ఊరివాళ్ల రకం. అది ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుని, లేచి నిమోకి కబురు పంపింది.

దొడ్డి తలుపు ఆరోజే మళ్లీ తీశారు. అంపొఫో కోస్తూ వదిలేసిన పలక అలాగే ఉంది, సగందాకా రంపం గాటుతో. దువా తాత అంపొఫో పనిచొక్కా తొడుక్కుని బయటికొచ్చాడు. ఎన్నో సినిమాల్లో రాజుగా కూర్చున్న మనిషి ఆ ముక్కాలి పీటమీద కూర్చోడానికి జంకాడు.

"అమ్మాయ్, పోయినోడి చొక్కాలో పోయినోడి ముద్ద తినబోతున్నా. ఇది అయ్యాక నాకు వేరే పెట్టాలి. నా పేరుమీద."

"పెడతా తాతా."

పొకువా ఎదురుగా గొంతుక్కూర్చుంది. ముద్ద చేతిలోకి తీసుకుని ముందుకి వంగేసరికి చొక్కా జేబులోంచి రంపపు పొట్టు వాసన కొట్టింది. ఆ చొక్కాని ఆమె ఉతకలేదు. కళ్లు నిండిపోయాయి.

"అక్కా, ఆపు," అన్నాడు నిమో కెమెరా వెనకనుంచి మెల్లిగా. "ఇందులో నువ్వు నవ్వాలి."

ముప్ఫై ఒక్క సినిమాల్లో ఎవరూ ఆమెను నవ్వమనలేదు. ఎలా నవ్వాలో తెలియదు. రెండోసారి ప్రయత్నిస్తే పళ్లు కనబడ్డాయి గాని మొహం కదల్లేదు. మూడోసారి కూడా అంతే. చివరికి ఆమే దువా తాతతో అంది: "తాతా, గుడ్డు చూడగానే నువ్వో మాట అను. 'ఏంటే ఇది, పిట్టగుడ్డా? చచ్చినోడంటే ఇంత లోకువా నీకు?' అను. ఆయన అన్నది అదే."

తాత అన్నాడు. పొకువాకి నవ్వొచ్చింది. నిజమైన నవ్వు, లోపల్నుంచి తన్నుకుని వచ్చింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాత గొంతు మార్చి అంపొఫో పేరు మూడుసార్లు అరిచాడు. నిమో కెమెరా దించి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తరువాత పొకువా వేరే ముద్ద కలిపి, చొక్కా విప్పించి, తాతకి తాత పేరుమీద తినిపించింది. ఆయన తింటూ తింటూ ఏడ్చాడు.

ఖననానికి ముందు గురువారం ఎఫిదువాసెలో సెర్వా ఇంట్లో టీవీ ముందు కులపెద్దలు కూర్చున్నారు. తెరమీద వాన చప్పుడు మొదలైంది. చొక్కా వీపు, ముందుకి వంగిన మెడ, పొకువా చెయ్యి, పసుపుపచ్చగా మెరిసే ముద్ద. గుడ్డు మాట వినబడగానే సెర్వా రెండు చేతులూ చాచింది.

"వాడే! ఆ మాట వాడిదే. నాలుగేళ్లప్పుడు నేను గుడ్డు పెడితే కూడా అదే అన్నాడు, పిట్టగుడ్డా అని." ఇక ఆమె మాట ముందుకి సాగలేదు. తెర దగ్గరకి వెళ్లి ఆ వీపుని చేత్తో నిమిరింది. వెనక కూర్చున్న పొకువా నేలని చూస్తూ ఉండిపోయింది.

సెర్వా వచ్చి ఆమెను రెండు చేతులా పట్టుకుని లేపింది. "నా నోరు పడిపోను. నువ్వు కడుపునిండా పెట్టి పంపావే తల్లీ. వాడికి పోయేకాలం వచ్చింది, పోయాడు. నీ తప్పు లేదు." ఆ మాట కోసం ఆరువారాలు కాళ్లావేళ్లా పడింది పొకువా. తీరా అది చెవిన పడితే, దొంగసొత్తు ఒడిలో పోసినట్టయింది.

శనివారం ఆమె కుటుంబం కట్టే నల్లబట్ట కట్టుకుని శవం తలదగ్గర కూర్చుంది. తాను ఏడ్చిందో లేదో తరువాత ఆమెకే గుర్తు లేదు. ఏడ్చిందనే అన్నారు. ఇంకెన్ని అన్నారో వదిలేద్దాం, కొందరైతే కెమెరా ఎక్కడుందా అని చుట్టూ చూశారట. మట్టి మాత్రం వేసింది.

ఇదంతా జరిగి తొమ్మిదేళ్లు. నిమో స్టూడియోలో ఇప్పుడు ఐదు కెమెరాలున్నాయి. లేచిన ముక్కలు దాచడానికే ఇనప బీరువా ఒకటి కొన్నాడు. పడుకున్న ప్రతివాడి టేపూ పేరు రాసి అందులో పెట్టి తాళం వేస్తాడు. మొట్టమొదటి టేపుమీద పేరు అంపొఫోది. పొకువా మళ్లీ ఏ సినిమాలోనూ ఏడవలేదు. దొడ్డి వసారాలో మిషను మాత్రం తొక్కుతూనే ఉంది. దువా తాత కూడా పోయాడు, ఎవరికీ చెప్పకుండానే.

సెర్వా దగ్గర ఆ టేపుకి నకలు ఒకటుంది. చూపు మందగించింది, అయినా ప్రతి ఏడూ అంపొఫో పోయిన రోజున పొకువాని పిలిపించుకుని, పక్కన కూర్చోబెట్టుకుని, పెట్టించుకుంటుంది. "చూడవే, వానలో కూడా ఎంత హాయిగా తింటన్నాడో," అంటుంది. "అవును వదినా," అంటుంది పొకువా. ఎనిమిదిసార్లు అంది అలా. తొమ్మిదోసారి, పోయిన నెల, చూసి ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది. అసలు రోజు ఎలా జరిగిందో ఒక్కసారి తలుచుకుందామనుకుంది. ఎండలో ఎదురుగా కూర్చున్న మొహం, గడ్డం మీద కారిన నూనె, ఆ గుడ్డు మాట అన్న గొంతు. కళ్లు మూసుకుని చాలాసేపు వెతికింది. దొడ్లో వాన పడుతోంది. అంపొఫో అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. అతను మాట్లాడితే దువా తాత గొంతు వినబడింది.